రాజ్యం చేతికి రావడం, చేతిలో నిలవడం: మాకియవెల్లి, కౌటిల్యుడు, రాయలలో ఎవరిని ముందు చదవాలి?

1513లో ఫ్లోరెన్స్ నగరానికి దగ్గరలోని ఒక పల్లెలో, ఉద్యోగం పోగొట్టుకున్న ఒక ప్రభుత్వాధికారి రాత్రిళ్లు కూర్చుని చిన్న పుస్తకం రాశాడు. రాజ్యాలు ఎన్ని రకాలు, అవి ఎలా చేతికి వస్తాయి, ఎలా నిలుస్తాయి, ఎందుకు పోతాయి అన్నది అందులోని విషయం. అదే ఏడాది నెల్లూరు సీమలో ఉదయగిరి దుర్గాన్ని విజయనగర సైన్యం ముట్టడించింది. ఆ సైన్యాన్ని నడిపిన రాజు కొన్నేళ్ల తర్వాత తన కావ్యంలో ఇదే విషయం మీద పద్యాలు చెప్పాడు. ఒకరి సంగతి మరొకరికి తెలిసే అవకాశమే లేదు. ఇద్దరికీ వెయ్యేళ్లకు పైగా ముందే సంస్కృతంలో ఇదే ప్రశ్న మీద ఒక పెద్ద శాస్త్రగ్రంథం వచ్చింది. అయితే దాని ప్రతి 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి కంటపడేదాకా, ఆధునిక లోకానికి పేరు తప్ప పాఠం పెద్దగా తెలియదు.

ఆ అధికారి నికోలో మాకియవెల్లి, పుస్తకం ‘ప్రిన్స్’. ఆ రాజు శ్రీకృష్ణదేవరాయలు, కావ్యం ‘ఆముక్తమాల్యద’. సంస్కృత గ్రంథం కౌటిల్యుని ‘అర్థశాస్త్రం’. పాలకులు అధికారాన్ని ఎలా సంపాదిస్తారు, ఎలా కాపాడుకుంటారు అని తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి ఈ మూడూ అందుబాటులో ఉన్నాయి. మూడూ చదివితే మంచిదే, కానీ అది సలహా కాదు. చాలామంది అర్థశాస్త్రంతో మొదలుపెట్టి రెండో అధికరణంలో (అంటే గ్రంథభాగంలో) గనులు, నేతశాలలు, తూనికలు, కొలతల దగ్గర ఆగిపోతారు. మరికొందరు ప్రిన్స్‌లోని రెండు మూడు వాక్యాలు ఎక్కడో విని, పుస్తకమంతా అంతేననుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది.

మీ ప్రశ్న ఏది?

పైకి ఒకటిగా కనిపించినా ఇందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. అధికారం లేనివాడి చేతికి అది ఎలా వస్తుంది? వచ్చిన అధికారాన్ని రోజువారీ పాలనలో ఏది నిలబెడుతుంది? నాలుగు దిక్కులా సామంతులు, శత్రువులు, వర్తకులు, రైతులు, అడవి జనాలు ఉన్న రాజ్యంలో సింహాసనం మీద ఉన్న మనిషి ఎవరిని ఎలా సంబాళించాలి? మొదటిదానికి మాకియవెల్లి, రెండోదానికి కౌటిల్యుడు, మూడోదానికి రాయలు. ముగ్గురూ మూడు విషయాలనూ తాకుతారు. కానీ ఎవరి పట్టు వారిది.

రాసినవారు ఎక్కడ నిలబడి రాశారన్నది కూడా చూడాలి. మాకియవెల్లి పదవి పోయినవాడు. కౌటిల్యుని గ్రంథం శాస్త్రం, అంటే అన్ని సందర్భాలకూ ముందే విధులు ఏర్పరచిపెట్టే రచన. రాయలు పదవిలో ఉన్నవాడు, యుద్ధాలు గెలిచినవాడు, పన్ను వసూలు చేసినవాడు. నిలబడిన చోటును బట్టి చూపు మారింది.

మాకియవెల్లి: కొత్తగా వచ్చినవాడి కష్టం

ఫ్లోరెన్స్ గణతంత్రంలో 1498 నుంచి మాకియవెల్లి ఉన్నతోద్యోగి. రాయబారిగా ఫ్రాన్సు రాజు దగ్గరకు, పోప్ దగ్గరకు, సీజర్ బోర్జియా శిబిరానికి వెళ్లాడు. 1512లో మెడిచి కుటుంబం తిరిగి అధికారంలోకి రాగానే ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది కుట్ర చేశాడన్న అనుమానంతో చెరలో పెట్టి చిత్రహింసలు పెట్టారు. బయటపడిన తర్వాత పల్లెకు చేరి ఇరవై ఆరు చిన్న అధ్యాయాల ఈ పుస్తకం రాసి, ఆ మెడిచి కుటుంబానికే అంకితమిచ్చాడు. మళ్లీ కొలువు దొరుకుతుందన్న ఆశ అందులో ఉంది. 1527లో ఆయన పోయాక 1532లో పుస్తకం అచ్చయింది. 1559లో రోమన్ చర్చి దాన్ని నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది.

ఆయన ఆసక్తి అంతా కొత్త పాలకుడి మీదే. వంశపారంపర్యంగా వచ్చిన రాజుకు పెద్ద చిక్కు లేదని ఒక చిన్న అధ్యాయంలో తేల్చేస్తాడు. జనం అలవాటు పడి ఉంటారు, పాత పద్ధతులు చెడగొట్టకపోతే చాలు అంటాడు. కష్టమంతా కొత్తగా వచ్చినవాడిది. వాడు సొంత బలంతో వచ్చాడా, పరాయి బలంతో వచ్చాడా? నేరం చేసి వచ్చాడా, తోటి పౌరుల ఆదరణతో వచ్చాడా? వచ్చిన దారిని బట్టి నిలబెట్టుకునే దారి మారుతుందన్నది ఈ పుస్తకం మనకిచ్చే అన్నింటికన్నా విలువైన పాఠం. పరాయి బలంతో సులువుగా ఎక్కినవాడికి నిలబడటం కష్టం. సొంత బలంతో కష్టపడి ఎక్కినవాడికి నిలబడటం సులువు.

దీనికి ఆయన చూపే ఉదాహరణ సీజర్ బోర్జియా. తండ్రి పోప్ అలెగ్జాండర్ VI అండతో రొమాన్యా ప్రాంతాన్ని పట్టుకున్నాడు. అక్కడి అరాచకాన్ని అణచడానికి రెమిరో దె ఓర్కో అనే కఠినుడిని అధికారిగా పెట్టాడు. పని పూర్తయ్యాక ప్రజల కోపం తన మీదికి రాకుండా, 1502 డిసెంబరులో ఆ అధికారినే చంపించి, రెండు ముక్కలైన శవాన్ని చెజేనా పట్టణ కూడలిలో పడేయించాడు. జనం ఒకేసారి తృప్తిపడ్డారు, నిర్ఘాంతపోయారు అని మాకియవెల్లి రాస్తాడు. ఇంత చేసినా 1503లో తండ్రి పోయేసరికి, తానూ అదే సమయంలో జబ్బుపడేసరికి సీజర్ నిర్మించినదంతా కూలిపోయింది. తనకు శత్రువైన జూలియస్ II పోప్ కావడానికి అడ్డుపడకపోవడం అతడు చేసిన తప్పని మాకియవెల్లి తీర్పు. ఆ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. క్రూరత్వాన్ని ఆయన మెచ్చుకున్నట్టు కనిపిస్తూనే, అది ఒక్కటే ఎందుకు చాలదో కూడా చూపిస్తాడు.

ప్రేమ మేలా, భయం మేలా అన్న పదిహేడో అధ్యాయాన్ని అందరూ ఉదహరిస్తారు. రెండూ ఉంటే మంచిది, ఒక్కటే దొరికితే భయం నమ్మదగినది అంటాడు. అక్కడితో ఆగిపోయేవారు తర్వాతి వాక్యాలు చదవరు. భయం ఉండొచ్చు, ద్వేషం మాత్రం రాకూడదు. ప్రజల ఆస్తి జోలికి, ఆడవాళ్ల జోలికి పోనివాడికి ద్వేషం రాదు. మనుషులు తండ్రి చావునైనా మరచిపోతారు గానీ తండ్రి ఇచ్చిన ఆస్తి పోవడాన్ని మరచిపోరు అంటాడు. కోటల గురించి చెప్పేచోట కూడా ప్రజల ద్వేషం లేకపోవడమే అన్నింటికన్నా మంచి కోట అని తేల్చాడు.

ఒక హెచ్చరిక. కిరాయి సైనికులను నమ్మవద్దు, సొంత సైన్యమే దిక్కు అని ఆయన గట్టిగా చెబుతాడు. 1506లో ఫ్లోరెన్స్‌కు రైతుబిడ్డలతో సొంత సేనను ఏర్పాటు చేసిందీ ఆయనే. 1512లో ప్రాటో దగ్గర స్పెయిన్ సైనికుల ముందు ఆ సేన నిలవలేక చెదిరిపోయింది. మరుసటి ఏడాది పుస్తకం రాస్తూ కూడా ఆయన మాట మార్చుకోలేదు. సలహా తప్పని దీని అర్థం కాదు. అనుభవం నుంచి నేరుగా వచ్చిన సూత్రమేది, అనుభవం ఎదురు చెప్పినా పట్టుకుని ఉన్న నమ్మకమేది అని పాఠకుడు వేరు చేసుకోవాలి.

పార్టీలు ఎలా పుడతాయి, తిరుగుబాట్లు ఎందుకు విఫలమవుతాయి, పదవిలోకి వచ్చిన కొత్తవారు తొలి ఏడాదిలోనే ఎందుకు తడబడతారు వంటి ప్రశ్నలు మిమ్మల్ని వేధిస్తుంటే ముందు ఈ పుస్తకం తీసుకోండి. పుస్తకం చిన్నది. కాస్త ఇటలీ చరిత్ర, ఒక పటం పక్కన పెట్టుకుంటే చాలు.

కౌటిల్యుడు: ఖజానా, ఉద్యోగి, వేగు

అర్థశాస్త్రం 15 అధికరణాలు, 150 అధ్యాయాలు. చంద్రగుప్త మౌర్యుని మంత్రి చాణక్యుడే కర్త అన్నది సంప్రదాయం. ఇప్పుడున్న రూపం క్రీస్తు శకం తొలి శతాబ్దాలదని నేటి పరిశోధకుల్లో చాలామంది అంటారు. మన ప్రశ్నకు ఆ వివాదం పెద్దగా అడ్డురాదు.

రాజ్యమంటే రాజు కాదు, ఏడు అంగాల కూటమి అన్నది ఇందులోని పునాది: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. ఈ వరుస ఊరికే వేసినది కాదు. జనపదం బాగుంటేనే కోశం నిండుతుంది, కోశం నిండితేనే సైన్యం నిలుస్తుంది. ఏ పని మొదలుపెట్టాలన్నా కోశమే ముందు అని ఆయన స్పష్టంగా అంటాడు.

మాకియవెల్లిలో దొరకనిది, ఇక్కడ పుష్కలంగా దొరికేది, అధికార యంత్రాంగం. మంత్రులను ధర్మం, అర్థం, కామం, భయం అనే నాలుగు ఎరలతో రహస్యంగా పరీక్షించాలంటాడు. ఏ పరీక్షలో నెగ్గినవాడిని ఏ శాఖలో పెట్టాలో కూడా చెబుతాడు. ధనపు ఎరకు లొంగనివాడు ఖజానాకు, కామపు ఎరకు లొంగనివాడు అంతఃపుర కాపలాకు. ఉద్యోగులు ప్రభుత్వ ధనం కాజేసే పద్ధతులు నలభై అని లెక్కగట్టి పేర్లతో సహా రాశాడు. నీటిలో తిరిగే చేప ఎప్పుడు నీరు తాగుతుందో తెలియనట్టే, ధనం మీద పెట్టిన ఉద్యోగి ఎప్పుడు తింటున్నాడో తెలియదన్న మాట ఈ గ్రంథంలోదే. జీతాల పట్టిక కూడా ఉంది: పురోహితుడికి, సేనాపతికి, యువరాజుకు 48,000 పణాలు, అడుగున ఉన్న పనివాడికి 60 పణాలు. పైవారికి అంత ఇవ్వడమెందుకంటే, వారు ప్రలోభాలకు లొంగకుండా, తిరగబడకుండా ఉండటానికి. అంటే జీతమే ఇక్కడ రాజ్యరక్షణ సాధనం.

వేగుల వ్యవస్థ చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. విద్యార్థి వేషం, సన్యాసి వేషం, రైతు వేషం, వర్తకుడి వేషం, భిక్షుకి వేషం. ఒకరికొకరు తెలియని ముగ్గురు వేగులు ఒకే మాట చెబితేనే నమ్మాలన్న నియమం. కోశం అడుగంటినప్పుడు డబ్బు రాబట్టే ఉపాయాల అధ్యాయం ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. దేవుడు ఫలానాచోట వెలిశాడని పుట్టించి జాతర జరపడం, చెట్టు మీద దయ్యం ఉందని భయపెట్టి కానుకలు రాబట్టడం వంటివి ఆపద్ధర్మం పేరుతో అందులో ఉన్నాయి. దీన్ని దాచిపెట్టి ‘ప్రజల సుఖంలోనే రాజు సుఖం’ అన్న శ్లోకాన్ని మాత్రమే గోడలకు అంటించుకునేవారు కౌటిల్యుణ్ణి సగమే చదివినట్టు. వేగులను మాత్రమే పట్టుకుని ఆ శ్లోకాన్ని వదిలేసినవారూ అంతే. రెండూ ఒకే మనిషి మాటలు, ఒకే గ్రంథంలోవి. ఆ రెండింటినీ ఒకే చూపులో నిలుపుకోవడమే ఈ పుస్తకం పాఠకుడికి పెట్టే అసలు పరీక్ష.

శిక్షల విషయంలో ఆయన మాకియవెల్లి కన్నా మెత్తన. తీవ్రంగా దండించేవాణ్ణి చూసి జనం బెదిరిపోతారు, మెత్తగా దండించేవాణ్ణి చులకన చేస్తారు, తగినట్టు దండించేవాణ్ణి గౌరవిస్తారు అంటాడు. ఏడో అధికరణంలో జనం రాజుకు ఎందుకు దూరమవుతారో వివరించే భాగం ఉంది. పేదరికం లోభాన్ని పుట్టిస్తుంది, లోభం వైముఖ్యాన్ని పుట్టిస్తుంది, విముఖులైనవారు శత్రువు పక్షం చేరతారు లేదా తమ రాజునే చంపుతారు. పదమూడో అధికరణం చివర, గెలిచిన దేశంలో అక్కడి వేషం, భాష, ఆచారం, పండుగలను రాజు తనవిగా చేసుకోవాలంటాడు. గెలవడంతో పని ముగియదన్న ఎరుక అందులో ఉంది.

కార్యాలయాలు, బడ్జెట్లు, నిఘా, అవినీతి, విదేశాంగ నీతి మీద ఆసక్తి ఉంటే కౌటిల్యుణ్ణి ముందు పట్టుకోండి. సివిల్స్, గ్రూప్స్ అభ్యర్థులకు సప్తాంగాలు (పైన చెప్పిన ఏడు అంగాలు), షాడ్గుణ్యం (విదేశాంగ నీతిలోని ఆరు ఉపాయాలు), మండల సిద్ధాంతం (చుట్టూ ఉన్న రాజులను మిత్రులు, శత్రువులుగా చూసే లెక్క) ఎలాగూ తప్పవు. అయితే మొదటి పుట నుంచి వరుసగా చదవకండి. 1, 6, 7 అధికరణాలు ముందు, తర్వాత రెండోదానిలో కోశం, అవినీతి అధ్యాయాలు, ఆపైన 5, 13. మందులు, మాయల యోగాలున్న పద్నాలుగో అధికరణం ఈ ప్రశ్నకు అక్కరలేదు.

రాయలు: పదవిలో ఉన్నవాడి మాట

ఆముక్తమాల్యద గోదాదేవి కథ. ఆరు ఆశ్వాసాల ఆ ప్రబంధంలో నాలుగో ఆశ్వాసం దగ్గర, రాజ్యం వదిలి వెళ్తున్న యామునాచార్యుడు తన కొడుకుకు చెప్పే బుద్ధులుగా రాజనీతి పద్యాలు వస్తాయి. పాత్ర యామునాచార్యుడిదే అయినా గొంతు రాయలదేనని చదివిన ఎవరికైనా తెలుస్తుంది. 1509 నుంచి 1529 వరకు ఏలినవాడు, ఉదయగిరి, కొండవీడు గెలిచి ఒడిశా రాజైన గజపతిని వెనక్కి నెట్టినవాడు, 1520లో రాయచూరులో బీజాపూరు సుల్తానును ఓడించినవాడు మాట్లాడుతున్నాడు.

నేను ఎక్కువమంది తెలుగు పాఠకులకు ముందుగా సూచించేది ఈ పద్యాలనే. మన భాషలోవి కాబట్టి మాత్రమే కాదు. చెప్పిన మాటను, చేసిన పనిని, దాని ఫలితాన్ని పక్కపక్కన పెట్టి చూడగల అవకాశం మూడింటిలో ఇక్కడే ఎక్కువ. పేస్, న్యూనిజ్ అనే పోర్చుగీసువారు ఆ కాలపు విజయనగరం గురించి రాసిపెట్టారు. శాసనాలు ఉన్నాయి. హంపి కళ్ల ముందే ఉంది.

గుర్రాల సంగతే చూడండి. రేవులను బాగుచేయి, గుర్రాలు, ఏనుగులు, మణులు, చందనం, ముత్యాలు వాటిలో దిగాలి అంటాడు. దూరద్వీపాల నుంచి గుర్రాలు, ఏనుగులు తెచ్చే వర్తకులకు ఊళ్లు, పట్టణంలో మంచి ఇళ్లు, కొలువులో దర్శనం, మంచి ధర ఇచ్చి మనవాళ్లుగా చేసుకో, ఆ సరుకు శత్రువుకు చేరకూడదు అంటాడు. ఇది ఉపదేశంలా వినిపిస్తుంది గానీ ఆనాటి యుద్ధ ఆర్థికం మొత్తం ఇందులో ఉంది. దక్కనులో మంచి యుద్ధాశ్వాలు పుట్టవు. అరేబియా, పర్షియాల నుంచి సముద్రం మీద రావాలి. 1510లో పోర్చుగీసువారు గోవా పట్టుకున్న తర్వాత ఆ వ్యాపారంపై వారిదే పైచేయి. వారితో స్నేహం చేసి గుర్రాలు తనకు వచ్చేలా చూసుకోవడం రాయల విధానం. అధికారం నిలబెట్టుకోవడం అంటే శత్రువుకు అందే సరఫరాను కూడా అదుపులో పెట్టుకోవడమని ఇంత సూటిగా మాకియవెల్లి కూడా చెప్పలేదు.

ఆదాయం పంపకం ఇంకొకటి. వచ్చినదాన్ని నాలుగు పాళ్లు చేసి రెండు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి భాండారానికి. కౌటిల్యుడు ఉద్యోగుల జీతాలన్నీ కలిపి ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదంటాడు. లెక్కలు కట్టే పద్ధతులు వేరు కాబట్టి అంకెలను నేరుగా పోల్చలేం. అయినా ఎప్పుడూ యుద్ధపుటంచున ఉన్న రాజ్యం ఎలా ఆలోచిస్తుందో రాయల పాళ్లు చూపిస్తాయి.

మనుషులను పెంచే విషయంలో రాయల సలహా నాకు మూడు గ్రంథాల్లోనూ అన్నింటికన్నా సూక్ష్మంగా అనిపిస్తుంది. ఎవరినీ ఒక్కసారిగా పెద్ద చేయవద్దంటాడు. పెద్ద చేసి తర్వాత తగ్గిస్తే వాడు తన పాత స్థితిని తలచుకోడు, నీ మీద కక్ష పెంచుకుంటాడు. అందుకే క్రమంగా పెంచు. నాయంకర పద్ధతిలో భూములు తీసుకుని సేనలు పోషించే నాయకులతో నిండిన రాజ్యంలో ఈ మాటకు ఎంత బరువుందో ఊహించండి. నాయకుడికి భూమి ఉంది, గుర్రాలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. వాడు అలిగితే అది ఒక ఉద్యోగి అలక కాదు, ఒక సీమ అలక.

కోటలను ఆప్తులైన బ్రాహ్మణులకు అప్పగించమనడం కూడా ఈ లెక్కలోదే. సొంత కులబలం, వంశపారంపర్య సేన లేని అధికారి కోటను తన సొత్తుగా చేసుకోవడం కష్టం. చరిత్రకారులు దీన్ని నాయకుల బలానికి ఎదురు బలంగా వివరిస్తారు. అడవి జనాల గురించి చెప్పేచోట, వారు ఒక పూట పెట్టిన కూటికే విశ్వాసం చూపుతారు, కొద్దిపాటి అబద్ధానికే పగబడతారు, కాబట్టి వారితో సత్యంగా ఉండమంటాడు. ఇవి పదహారో శతాబ్దపు రాజు కళ్లతో చూసినవి. కులాన్ని, తెగను పాలనా సాధనాలుగా చూసే ఆ చూపును నేటి పాఠకుడు గుర్తించి, అంగీకరించకుండానే అర్థం చేసుకోవాలి. అక్కడ మెచ్చుకోలు అక్కరలేదు.

ఇక మనసును పట్టేది రైతు పద్యం. కష్టం వచ్చి ప్రజ ఊరు విడిచి వెళ్లినప్పుడు, వారిని వెనక్కి పిలవకుండా వారి పశువులనూ ధాన్యాన్నీ అమ్ముకుని, ఇళ్ల కలపను వంటచెరకుగా నరుక్కునే అధికారి యుద్ధభూమిలో నక్కవంటివాడు. అలాంటి అధికారి ఉన్న రాజుకు ఏడు దీవులు చేతిలో ఉన్నా కలిమి లేదు. ‘ప్రజ నవసి చన్న’ అని మొదలవుతుంది, వెతికి చదవండి. కౌటిల్యుడు కారణాల గొలుసుగా చెప్పినదాన్ని, మాకియవెల్లి ఆస్తి జోలికి పోవద్దని హెచ్చరికగా చెప్పినదాన్ని రాయలు ఒక ఊరి దృశ్యంగా చూపించాడు. పక్కనే మందు కూడా చెప్పాడు: చెరువులు, కాలువలు తవ్వించి, పేదరైతుకు పన్నులోనూ కోరులోనూ (పంట వాటాలోనూ) వెసులుబాటు ఇచ్చి ఎదగనిస్తే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయి.

అయితే ఫలితాన్ని కూడా నిజాయితీగా చూడాలి. తనను సింహాసనం దాకా నడిపించిన మంత్రి తిమ్మరుసును, కొడుకు మరణం విషయంలో అనుమానించి రాయలు కళ్లు తీయించాడని న్యూనిజ్ రాశాడు. చాడీలు వెంటనే నమ్మవద్దని రాసిన రాజు గురించిన కథనమిది. రాయల తర్వాత అచ్యుతరాయలు ఏలాడు. ఆపైన సదాశివరాయలు పేరుకే రాజు, అసలు అధికారం అళియ రామరాయలది. 1565లో రాక్షస తంగడి యుద్ధంతో రాజధాని నాశనమైంది. ఆ తర్వాత మధుర, తంజావూరు, జింజి నాయకులు క్రమంగా స్వతంత్రులయ్యారు. రాయల కాలంలో ఆ నాయకులను అదుపులో పెట్టినది ఆయన నేర్పా, లేక ఆయన వదిలివెళ్లిన వ్యవస్థా? నేర్పేనని నేను అనుకుంటాను. వారసుడి చేతికి ఇవ్వగలిగిన యంత్రాంగం ఆ పద్యాల్లో తక్కువ. అది కావాలంటే కౌటిల్యుడి దగ్గరకే వెళ్లాలి. రాయలతో మొదలుపెట్టినవారికి రెండో పుస్తకంగా అర్థశాస్త్రాన్ని చెప్పడానికి కారణం ఇదే.

ఇంకో ఇద్దరు

మీ ప్రశ్న ‘అధికారం ఎందుకు పోతుంది’ అన్నదైతే ఈ ముగ్గురికన్నా ఇబ్న్ ఖల్దూన్ దగ్గరకు వెళ్లడం మేలు. 1332లో ట్యూనిస్‌లో పుట్టి, ఉత్తర ఆఫ్రికా దర్బారుల్లో పదవులూ చెరసాలలూ చూసి, 1377లో తన మహాచరిత్రకు పీఠిక రాసినవాడు. కఠిన జీవితంలో ఒకరికొకరు అండగా నిలిచే గుంపుకు గట్టి కట్టుబాటు ఉంటుంది, దానితో రాజ్యం గెలుస్తుంది, నగర సుఖాల్లో ఆ కట్టుబాటు సడలుతుంది, మూడు తరాల్లో, అంటే సుమారు 120 ఏళ్లలో వంశం చల్లబడుతుంది అన్నది ఆయన సూత్రం. మన చరిత్ర మీద పెట్టి చూస్తే కొంత తేడా కనబడుతుంది. కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా నిలిచారు. సూత్రాన్ని అంకెగా కాక దిశగా తీసుకోండి.

భారతం చదివే అలవాటు ఉన్నవారికి తిక్కన శాంతిపర్వం ఉండనే ఉంది. అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకు చెప్పే రాజధర్మాలు అవి. గెలిచినవాడు గెలుపునే అసహ్యించుకుంటూ, ఈ రాజ్యం నాకు వద్దు అంటున్నప్పుడు వచ్చే బోధ అది. అధికారం ఎందుకు స్వీకరించాలి అన్న ప్రశ్నను మాకియవెల్లి అడగనే అడగడు, కౌటిల్యుడు దాదాపు అడగడు. ఇక్కడ అదే మొదటి ప్రశ్న. తిక్కన స్వయంగా నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి అన్నది గుర్తుంచుకుంటే ఆ పద్యాల రుచి మారుతుంది. నీతులు కంఠస్థం కోసమే కావాలంటే బద్దెన పద్యాలు చాలు. లోతు మాత్రం అక్కడ ఆశించకండి.

ఎన్నికల కాలానికి ఏది పనికొస్తుంది?

ఓటు వేసే పౌరుడి గురించి ఈ గ్రంథాల్లో ఏదీ రాయలేదు. ఇక్కడి ఉపాయాలను నేటి నాయకులకు యథాతథంగా అంటగట్టడం మంచి చదువు కాదు. అయినా దగ్గరగా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రిన్స్ తొమ్మిదో అధ్యాయంలో, పెద్దల అండతో వచ్చిన పాలకుడికన్నా ప్రజల అండతో వచ్చిన పాలకుడికి నిలబడటం సులువు అని ఒక వాదన ఉంది. పెద్దలు తమనూ పాలకుడితో సమానమనుకుంటారు, పైగా ఇతరులను అణచాలనుకుంటారు. ప్రజలు కోరేది తమను అణచకుండా ఉంటే చాలునన్నదే. అర్థశాస్త్రం పదకొండో అధికరణంలో గణసంఘాలను లోపలి నుంచి చీల్చే పద్ధతులు ఉన్నాయి. సమష్టిగా పాలించుకునే గుంపు ఎక్కడ పగులుతుందో అక్కడ కనిపిస్తుంది. సంఘంలోనో, సహకార సంస్థలోనో, పంచాయతీలోనో పనిచేసేవారు ఆ అధికరణాన్ని పాలకుడి వైపు నుంచి కాక సంఘం వైపు నుంచి చదవాలి, పగుళ్లను ముందే పూడ్చుకోవడానికి.

నవల, నాటకం రాసేవారికి నా సలహా వేరు. మాకియవెల్లి ఏడో అధ్యాయం, రాయల నాలుగో ఆశ్వాసం చదివి, వెంటనే న్యూనిజ్ కథనం చదవండి. పాత్రలు ఆ మూడు చోట్లా దొరుకుతాయి. సిద్ధాంతం తర్వాత చూసుకోవచ్చు.

ప్రతుల విషయం. ఆముక్తమాల్యదను మూలం ఒక్కటే ఉన్న ప్రతితో మొదలుపెట్టకండి. రాయల పద్యం గట్టిది, అన్వయం దూరంగా ఉంటుంది, అచ్చతెలుగు మాటలు కూడా నేడు వాడుకలో లేనివి చాలా ఉన్నాయి. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య వంటి టీకాతాత్పర్యాలున్న ప్రతి కావాలి. అర్థశాస్త్రానికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. మూల శ్లోకాలూ సూత్రాలూ పక్కనే ఇచ్చిన ప్రతి ఎంచుకుంటే, ఎవరైనా చాణక్యుడి పేరుతో ఒక మాట చెప్పినప్పుడు అది అందులో ఉందో లేదో మీరే వెతికి చూసుకోగలుగుతారు. ఆయన పేరుమీద తిరిగే నీతివాక్యాల్లో చాలావరకు ఈ గ్రంథంలోవి కావు. ప్రిన్స్‌కు అధ్యాయాల చివర వ్యక్తుల, సంఘటనల వివరణ ఉన్న ప్రతి తీసుకోండి. ఆ వివరణ లేకపోతే ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేశారో తెలియక, పుస్తకం అంతా పేర్ల గుట్టలా మిగులుతుంది.